రెండో జడ

మెంతులు వేసి కాచిన కొబ్బరినూనె వాసన వస్తే చాలు, ఈ వయసులో కూడా నాకు ముందు అమ్మ గుర్తొస్తుంది, ఆ వెంటనే లచ్చక్క గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది. భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో, బాయి సైరన్ మోతకు నిద్రలేచి, ఆరేసిన బట్టల మీది నల్లదుమ్ము దులిపి, సర్వపిండి అడుగున మాడిన ముక్క కోసం కొట్లాడుకుంటూ పెరిగిన పిల్లలందరికీ ఎవరో ఒకరి మీద కుళ్లు ఉండేది. ఒకరికి పక్కవాళ్ల కొత్త గౌను మీద, ఇంకొకరికి సైకిల్ మీద. నాకు మాత్రం కంటికి కనిపించని మనిషి మీద.

లచ్చక్క అంటే అమ్మ ఒక్కదానికే వినిపించే గొంతు. బడికి ముందు అమ్మ నన్ను గడపలో కూర్చోబెట్టుకుని, తలకు నూనె పట్టించి, పాపిట తీసి, ఎడమ జడ గట్టిగా అల్లి ఎర్ర రిబ్బను ముడివేసేది. కుడి జడ సగానికి వచ్చేసరికి చేతులు ఆగిపోయేవి. "ఆఁ, లచ్చక్కా! గట్లనా?" అంటూ గోడవైపు తిరిగి నవ్వేది. ఎంత బాగా నవ్వేదో! ఆ నవ్వు నాకు ఒక్కనాడూ దొరకలేదు. తల నాది, ముచ్చట దానితో. సగం జడతో పక్కింటి సమ్మక్క పెద్దమ్మ దగ్గరికి పోతే, ఆమె తన కూతురు స్వరూపను తిడుతూనే నా జడ పూర్తిచేసేది. తిట్లు తిని స్వరూప ఏడ్చేది. నేను ఆ తిట్ల మీద కూడా కుళ్లుకునేదాన్ని. వాళ్లమ్మ నోట్లో మాటలన్నీ దానికే కదా!

సద్దుల బతుకమ్మ వచ్చిందంటే గునుగుపూలకు రంగులద్దే చేతులతో, తంగేడు మోపులతో, వేయించిన నువ్వుల వాసనతో, బెల్లం కలిపి దంచిన మలీద ముద్దలతో మా క్వార్టర్ల వరసంతా కళకళలాడేది. ఒక ఏడు అమ్మ మలీద ముట్టలేదు.

"లచ్చక్క తినకు అంటాంది. అండ్ల ఏందో కలిపిన్రట" అంది.

నేనే ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి మింగి, "సూడమ్మా, నాకేం కాలే" అన్నాను. అమ్మ నన్ను చూసింది, గోడను చూసింది, పళ్లెం పక్కకు తోసేసింది. ఎదురుగా ఉన్న కన్నబిడ్డను కాదని గోడను నమ్మింది. ఎంత ఏడ్చానో ఆ రోజు!

గాలి సోకిందన్నారు ఇరుగుపొరుగు. మా నాన్న, బాపు, వినలేదు, వరంగల్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. స్కిజోఫ్రీనియా అని డాక్టరు చెప్పిన పేరుకు బాపు నాలుక ఎన్నడూ తిరగలేదు గానీ, చెప్పిన పద్ధతి మాత్రం పట్టుకున్నాడు. లచ్చక్క లేదని కొట్లాడకూడదు, ఉందని ఒప్పుకోనూ కూడదు. షిఫ్టు దిగి, కనురెప్పల అంచుల్లో బొగ్గుమసి పూర్తిగా పోకముందే అన్నం కలిపి, మందుగోలీ పట్టుకుని అమ్మ పక్కన కూర్చునేవాడు.

"నాకైతే ఇనవడతలేదే. నీకు ఇనవడుతుంటే బుగులైతది గద. నేనీడనే కూసుంట" అనేవాడు.

అంత మెత్తగా బాపు నాతో ఎన్నడన్నా మాట్లాడాడా? అప్పుడు అమ్మ మీద కూడా కుళ్లు పుట్టింది నాకు.

గోలీలతో లచ్చక్క తగ్గింది, దానితోపాటు అమ్మ నవ్వూ పోయింది. ఎప్పుడూ మగత, చేతుల్లో వణుకు. "గీ అమ్మ నాకొద్దు" అని ఏడిస్తే, "జర సైసు బిడ్డా, మెల్లగ మల్ల మనిషైతది" అన్నాడు బాపు. నిద్ర ముంచుకొస్తోందని అమ్మ ఒకసారి గోలీలు మానేస్తే లచ్చక్క తిరిగొచ్చి కూర్చుంది. డాక్టరు మందు మార్చాడు. సమ్మక్క పెద్దమ్మ రోజూ చిక్కుడుకాయలో చింతచిగురో చాటలో వేసుకుని వచ్చి, ఏమీ అడగకుండా అమ్మ పక్కన కూర్చుని గిల్లుతూ ఉండేది. కొన్నాళ్లకు అమ్మ చెయ్యి కూడా ఆ చాటలోకి వెళ్లింది.

ఒక పొద్దున అమ్మే దువ్వెన తీసుకుంది. ఎడమ జడ అయింది. కుడి జడ సగంలో చేతులు ఆగాయి. అమ్మ గోడవైపు కాసేపు చూసింది, ఏమీ అనలేదు, వణికే వేళ్లతోనే చివరిదాకా అల్లి రిబ్బను ముడివేసింది. వదులుగా, వంకరటింకరగా ఉన్న ఆ జడను చూసి బడిలో అందరూ నవ్వారు. సరిచేస్తానని స్వరూప చెయ్యి చాపితే ఆ చెయ్యి విదిలించి కొట్టాను.

ఆ క్వార్టర్లు కూల్చేశారు. గడప లేదు, సమ్మక్క పెద్దమ్మ చాట లేదు, బాపు కూడా లేడు. మొగుళ్లపల్లిలో మా ఇంట్లో అమ్మకు అన్నం తర్వాత గోలీ ఇచ్చేది ఇప్పుడు నేనే. మొన్న ఆదివారం మెంతుల నూనె కాచి అమ్మ తల దువ్వుతుంటే, నెరిసిన ఆ తల మెల్లగా గోడవైపు తిరిగింది, పెదవులు కదిలాయి. నాలో ఆ పాత కుళ్లు మళ్లీ లేచింది.

"మల్లొచ్చిందా?" అన్నాను.

"ఊఁ. అప్పుడప్పుడొస్తది."

"ఏమన్నవ్?"

"నా బిడ్డ జడేత్తాంది, నాకు పుర్సత్ లేదు, పో అన్న."