చిన్నాయన ఎంచిన ఫ్యాన్లు

నాకు ముక్కు మీదే కోపం. మా ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసి కూడా ఒక రోజు మా చిన్నాయనను ఫోన్లో ఒక మాట అన్నాను. కోవిల్పట్టిలో నలభై ఏళ్లుగా మోటార్లకు వైండింగ్ కడుతున్న మనిషి ఆయన. ఆయన పని, పరువు, తిండి అన్నీ చెవి మీదే నడిచాయి. నేను సరిగ్గా ఆ చెవినే అన్నాను.

చిన్నాయన అంటే మా నాయనకు తమ్ముడు. నాయన పోయాక నన్ను చదివించింది ఆయనే. కడంబూరు వైపు నుంచీ, ఏళాయిరంపన్నై వైపు నుంచీ మా తెలుగువాళ్లు బావి మోటార్లను బండిలో వేసుకుని ఆయన కొట్టుకే వచ్చేవాళ్లు. దారిలో వేరే కొట్లు లేక కాదు. మోటారు తిరుగుతుండగా ఆయన స్క్రూడ్రైవరు మొనను దాని ఒంటికి ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు ఆనించుకుని, కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి "పై బేరింగ్ పొయ్యింది" అనో, "కాయిలే, విప్పాల" అనో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే అయ్యుండేది. బాగుచేశాక మళ్లీ అలాగే విని "సరిపొయ్యింది, ఎత్తుకో" అన్నాడంటే ఇక ఎవరూ స్విచ్ వేసి చూసేవాళ్లు కాదు. ఆయన విన్నాక ఇంకొకరు చెవి పెట్టడం మావాళ్లలో తప్పు. నా చిన్నప్పుడు కొత్త అల్లుడొకడు తెలియక మోటారు మీదికి వంగితే, వాళ్ల మామ భుజం పట్టుకుని వెనక్కి లాగడం నేను కళ్లారా చూశాను.

నేను విరుదునగర్‌లో మేడ మీద గదిలో ఉంటాను. పిల్లలకు ఫోన్లో పాఠాలు చెప్పే ఒక కంపెనీకి తమిళంలో పాఠాలు చదివి, రికార్డు చేసి పంపడం నా పని. మాకు బయటంతా అరవం, ఇంట్లో మాత్రమే తెలుగు. తెలుగు అక్షరాలు నేను పెళ్లీడు దాటాక కూడబలుక్కుని నేర్చుకున్నవి. రికార్డు చేసేటప్పుడు కిటికీలు మూసేసి, పైన తిరిగే ఫ్యాను కూడా ఆపేసి, చెమటలు కక్కుతూ చదివేదాన్ని. ఇంత చేసినా నా పాత కంప్యూటరు ఊరుకునేది కాదు. ఎండ ముదిరేకొద్దీ దాని లోపలి ఫ్యాను హోరు పెంచేది. వెనక హోరు వినిపిస్తోందని కంపెనీవాళ్లు పాఠాలను రెండుసార్లు తిప్పి పంపారు. ఇంకోసారైతే పని వేరేవాళ్లకు ఇస్తామన్నారు.

అందుకని చప్పుడు చేయని కంప్యూటరును విడి భాగాలు కొని కట్టుకుందామనుకున్నాను. నెల రోజులు అదే చదువు. చిన్న ఫ్యాను గబగబా తిరిగి అరుస్తుంది. పెద్దది నిదానంగా తిరుగుతూనే అంత గాలీ తోస్తుంది. నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు కూడా ఉందని తెలిసి, గొప్పగా ఫోన్ చేసి చిన్నాయనకు చెప్పాను.

"కరెంటు పెట్టెలో నీళ్లా? మతి ఉండాదా పాపా నీకు?" అన్నాడు. "నీళ్లు తిరగాలంటే పంపు ఉండాల. పంపు సత్తం చెయ్యదా? నేను నలబై ఏండ్లుగా తిట్టించుకునేది దానికే గదా."

మా ఇళ్లలో శబ్దాన్ని సత్తం అనే అంటాం. ఆ ఒక్క మాటతో నీళ్ల సంగతి తీసిపారేశాను. ప్రాసెసరు మీదికి పెద్ద రేకుల కూలరు, దానికో ఫ్యాను చాలన్నాడు. కేబినెట్‌కు ముందు రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి తోయాలి, వెనక ఒక్కటి బయటికి లాగాలి. లోపలికి వచ్చే గాలే ఎక్కువైతే సందుల్లోంచి దుమ్ము దూరదు. మా కరిసల్ నేల, అదే నల్లరేగడి, దుమ్ము ఆడి మాసపు ఈదురుగాలికి అలమరలో మడతపెట్టిన చీరల్లోకి కూడా వస్తుంది. "ముందర జాలీ పెట్టు, వారానికోసారి కడుగు" అన్నాడు. కంప్యూటరు మూత తీసి ఎన్నడూ చూడని మనిషి, నేను నెల రోజులు చదివినదాన్ని పది నిమిషాల్లో చెప్పేశాడు.

ఫ్యాన్లలో ఏది కొనాలన్నది మాత్రం కాగితం మీద తేలలేదు. ప్రతి డబ్బా మీదా చప్పుడు లేదనే రాసి ఉంటుంది. మూడు రకాలు ఒక్కోటి తెప్పించి, సంచీలో వేసుకుని కోవిల్పట్టి బస్సెక్కాను. చిన్నాయన గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కొట్లో కూర్చుని ఉన్నాడు. మోటారు మూలుగులు వినే మనిషికి ఇంత చిన్న ఫ్యాన్లకు ముస్తాబెందుకని ఆట పట్టించాను కూడా.

బల్ల మీద కరెంటు పెట్టెకు తీగలు కలిపి ఒక్కో ఫ్యానునూ తిప్పాడు. ప్రతిదాన్నీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. చూపుడువేలు దాని చట్రం మీద ఆనించి చాలాసేపు ఉంచాడు. మొదటిది పక్కన పెట్టేశాడు. రెండోదానికి పెదవి విరిచాడు. మూడోదాన్ని నా చేతిలో పెట్టి, "ఇది. సత్తమే లేదు. దీన్నే ఎత్తుకో" అన్నాడు.

బయట బస్సులు హారన్లు కొడుతున్నాయి. ఎదురుగా అగ్గిపెట్టెల లారీ ఒకటి ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. అక్కడ నాకు ఏ ఫ్యాను చప్పుడూ విడిగా తెలియలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఉంటే తెలిసేదేమో. కానీ ఆయన విన్నాక నేను వినడమేమిటి? మా నాయనే ఆ తప్పు చేసి ఉండడు. అదే రకం ఇంకో మూడు తెప్పించి, ఇంట్లో కూడా ఒక్కసారి తిప్పి చూడకుండా నాలుగూ బిగించేశాను.

కంప్యూటరు వెలిగించిన రోజు హోరు లేదు. చేతులు జోడించాను. తర్వాత మైకు పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించుకుని ఒక పేజీ చదివి విన్నాను. నా గొంతు వెనక సన్నగా, తెగకుండా ఒక కూత. దోమ కాదు, కీచురాయి కాదు. చెవిలో జోరీగ అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. పాఠం గడువు మర్నాటికే ఉంది. ఫోన్ తీశాను.

"ఏం విని చెప్తివి చిన్నాయనా నువ్వు? కూ అని అరస్తా ఉండాది. ఇది వినపడలేదంటే నీకు చెవుడొచ్చినట్టే!"

నన్ను తిరిగి తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. "రేపు పొద్దున వస్తా పాపా" అని మాత్రం అన్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ నన్ను చూసినప్పుడల్లా అనేది. నన్ను చూసే ఆ సామెత పుట్టించారేమో అనిపిస్తుంది.

పొద్దున రైలుకే వచ్చాడు. కాఫీ వద్దన్నాడు. కంప్యూటరు ముందు నేల మీద బాసీపట్టు వేసుకుని కూర్చుని, స్క్రూడ్రైవరు తీసి ఒక్కో ఫ్యాను చట్రానికీ ఆనించి విన్నాడు. ఒకసారి చెవికి పట్టాక ఆ కూత నాకు గదంతా నిండినట్టే ఉంది. ఆయన మొహంలో ఏమీ కదలలేదు.

"ముందరి ఫ్యాను ఆపు" అన్నాడు. ఆపాను. ఆయన కంప్యూటరు వైపు చూడలేదు, నా మొహం చూశాడు. "ఇప్పుడు?"

"కొంచెం తగ్గింది."

"ఇంగోటి ఆపు." మళ్లీ నా మొహమే చూశాడు. నేను కనుబొమలు ముడిస్తే సత్తం ఉందని, విప్పితే తగ్గిందని లెక్క వేసుకుంటున్నాడు. నేను నోరు తెరవకముందే ఆయన తల ఊపుతున్నాడు. అప్పుడు తెలిసింది. వెళ్లి ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాను. కోపంలో నోటికొచ్చింది అన్నాను తప్ప, అది నిజమవుతుందని నేను అనుకోలేదు.

ఆయన పని మాత్రం ఆపలేదు. "అన్నిటినీ పూర్తి వేగంలో పెట్టు. కూత ఉండాదా?"

పెట్టాను. గాలి హోరు పెరిగింది గానీ కూత లేదు. లేదని చెప్పాను.

"వేగం తగ్గించు."

తగ్గించగానే కూత మొదలైంది. చెప్పాను.

ఆయన గోడకు ఆనుకుని కాసేపు ఆలోచించాడు. "అట్లంటే బేరింగ్ కాదు, కాయిలూ కాదు. కరెంటు ఇచ్చే తీరులో ఉండాది లోపం. పైన తిరిగే ఫ్యానుకు ఈ కొత్త చిన్న రెగులేటరు పెడితే గుయ్ అంటుంది, పాత పెద్ద పెట్టె రెగులేటరుకు అనదు. చూసినావా లేదా? కొత్తది కరెంటును తుంపులు తుంపులుగా వదుల్తుంది. నీ పెట్టె కూడా అట్లనే వదుల్తా ఉంటుంది. తుంపకుండా, వోల్టేజినే తగ్గించి ఇచ్చే దారుందేమో చూడు."

ఉంది. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు వచ్చే సెట్టింగుల తెరలో, ఫ్యాన్ల కింద, ఒక్క మాట మార్చితే చాలు. మార్చాను. కూత ఆగిపోయింది. గదిలో మా ఇద్దరి ఊపిరి తప్ప నాకు ఇంకేమీ వినిపించలేదు.

నాకు ఏడుపొచ్చింది. "చిన్నాయనా, అయితే నువ్వు ఆ రోజు చెప్పింది సరే గదా. నీ కొట్లో నేరుగా కరెంటు ఇస్తివి. అక్కడ సత్తమే లేదు. ఫ్యాన్లు మంచివే. నేనే తప్పుగా అంటిని."

ఆయన స్క్రూడ్రైవరును సంచీలో పెట్టుకుంటూ, "సరిగ్గా చెప్పింది నా వేలు పాపా, చెవి కాదు" అన్నాడు. "అదురు లేదని వేలికి తెలిసె. ఆ రోజు కూత ఉండినా నాకు తెలిసుండదు."

అన్నం పెడితే రెండు ముద్దలు తిని లేచాడు. నేను బస్టాండు దాకా వస్తానంటే వద్దన్నాడు.

తర్వాత పిన్నిని ఫోన్లో అడిగాను. రెండేళ్లయిందట. సన్నని సత్తాలు ముందు పోయాయి. టీవీ గట్టిగా పెడుతుంటే వయసని సరిపెట్టుకుంది. మోటార్ల పని వేలితో, ముక్కుతో, నలభై ఏళ్ల అనుభవంతో నెట్టుకొస్తున్నాడు. ఎవరూ కనిపెట్టలేదు. ఎలా కనిపెడతారు? ఆయన విన్నాక ఇంకొకరు వినే ఆచారం లేదు గదా. "నువ్వు ఫ్యాన్లు తెస్తా ఉండావని తెలిసినప్పటి నుంచీ ఆయనకు సంబరం" అంది పిన్ని. "చదువుకున్న పిల్ల, ఇంగా నా చెవినే నమ్మతా ఉండాది చూడు అని పదిమార్లు చెప్పె." నా మీద నాకు అంత అసహ్యం అంతకుముందెప్పుడూ కలగలేదు.

నా పాఠం మాత్రం గడువులోపే వెళ్లింది. వెనక ఏ చప్పుడూ లేదని, చాలా బాగుందని కంపెనీవాళ్లు రాశారు. ఇప్పటికీ ఆ కంప్యూటరు మీదే పని చేస్తున్నాను. నడుస్తోందా ఆగిందా అని ఒక్కోసారి దాని దీపం చూసి తెలుసుకోవాలి.

నెల తర్వాత క్షమించమని అడగడానికి కోవిల్పట్టి వెళ్లాను. ఫోన్లో అన్న మాటకు ఫోన్లో క్షమాపణ సరిపోదనిపించింది. కొట్లో ఒక ముసలి రైతు ఉన్నాడు, మావాళ్లే, కడంబూరు అవతలి ఊరు. మోటారు తయారై ఉంది. ఆయన తువ్వాలు నెత్తిన చుట్టుకుని ఎత్తబోతుంటే చిన్నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండు మామా. రొండు నిమిసాలు తిరగనీ. నువ్వే చెవి పెట్టి విను."

ముసలాయన చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. "నువ్వు చెప్పినాక నేను వినేదేందబ్బా? ఏం తప్పు చేస్తిని నేను?"

"తప్పేం లే. విను."

ముసలాయన నా వైపు చూశాడు, నేల వైపు చూశాడు, చివరికి సిగ్గుపడుతూ వంగాడు. ఆయన వింటున్నంతసేపూ చిన్నాయన రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. సరిగ్గా ఉందని ముసలాయన చెప్పాక, స్విచ్ ఆపి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

ముసలాయన మోటారుకు తాడు కడుతూ అక్కడే ఉన్నాడు. మేం మాట్లాడే తెలుగు వీధిలో పోయేవాళ్లకు అర్థం కాకపోయినా ఆయనకు అర్థమవుతుంది. నేను చిన్నాయన వైపు జరిగి, గొంతు తగ్గించి, "నన్ను క్షమించు చిన్నాయనా" అన్నాను.

ఆయన నవ్వు మొహంతో నా వైపు వంగాడు. "ఏమంటివి పాపా?"

అదే మాటను ఆయనకు వినపడేలా అనాలంటే కొట్టంతా వినపడేలా అనాలి. ముసలాయన తాడు ముడి ఆపి మా వైపే చూస్తున్నాడు.

"టీ తాగుదామా అంటిని" అన్నాను. ఆ మాట మాత్రం గట్టిగానే అన్నాను.