హోమాగ్ని మీద క్లెయిమ్

న్యూజెర్సీలోని ఎడిసన్‌ ఊళ్ళో నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట కూర్చుంటే ఈ కథ ఇప్పటికీ బయటికొస్తుంది. ప్రభాకర్‌గారి ఇల్లు కాలినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీలో మన ఆడమనిషి ఉండబట్టి సరిపోయిందట, తెలుగులో చెప్పినదాన్ని ఇంగ్లీషులో అటూ ఇటూ తిప్పి గట్టెక్కించిందట. ఆ ఆడమనిషిని నేనే. నేను ఒక్క మాట కూడా తిప్పలేదు. తిప్పి ఉంటే ఆయన ఇల్లూ పోయేది, నా ఉద్యోగమూ పోయేది. పొగిడేవాళ్ళు జరిగినదానికి పొగిడితే బాగుంటుంది.

1984 అక్టోబరులో నేను అక్కడి ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో, ఇళ్ళ నష్టాల విభాగంలో సీనియర్ ఎగ్జామినర్‌ని. అంతకుముందు హెల్త్ క్లెయిములు చూశాను, కార్లవీ చూశాను. మూడింటిలోనూ పని ఒకటే. జరిగిన నష్టం పాలసీలో రాసినదాని కిందికి వస్తుందా, రాదా? వస్తే డిడక్టిబుల్, అంటే పాలసీదారు తన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొదటి భాగం, పోగా కంపెనీ ఇచ్చేదెంత? మనవాళ్ళు ప్రీమియం ఎంతో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. దేనికి కడుతున్నారని అడగండి, మొహమొహాలు చూసుకుంటారు.

అనుమానం తగిలిన ఫైళ్ళు మా దగ్గర్నుంచి ప్రత్యేక పరిశోధన విభాగానికి వెళ్ళేవి. అక్కడ వాల్ట్ అని ఒకాయన ఉండేవాడు, పూర్వాశ్రమంలో పోలీసు డిటెక్టివ్. ఎప్పుడూ గొంతు పెంచడు. అదే నాకు భయం. ఆయన ఒక ఉదయం ఒక ఫైలు నా బల్ల మీద పెట్టి, ఇంటి యజమాని అత్తగారికి ఇంగ్లీషు రాదు, నువ్వొచ్చి తర్జుమా చెయ్యాలి అన్నాడు.

ఫైలు తెరిచాను. కొత్తగా కొన్న ఇల్లు. పాలసీ మొదలై వారం తిరగలేదు. సామాను ఇంకా చేరలేదు. మంట హాలు మధ్యలో, నేల మీద మొదలైందనీ, కార్పెట్‌లోకి మండే నూనెలాంటిదేదో ఇంకిందనీ, మంటలకి కారణం తేల్చే ప్రభుత్వాధికారి, ఫైర్ మార్షల్, రాశాడు. పొగ వస్తే మోగే అలారంలో బ్యాటరీ ఎవరో తీసేశారు. తన ఇంటికి తనే నిప్పు పెట్టి డబ్బడిగేవాడు చేసే పనులు సరిగ్గా ఇవే. నాకు మాత్రం ఆ నూనె నెయ్యి అయ్యుంటుందనిపించింది. గృహప్రవేశం, హోమం. ఆ మాట వాల్ట్‌తో అన్నాను. "అయితే ఆ ముక్క వాళ్ళనే చెప్పనీ," అన్నాడు.

ప్రభాకర్, ఆయన భార్య సరళ అప్పటికింకా జెర్సీ సిటీలో అద్దె అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు. సరళ టీ కప్పు నా ముందు పెట్టింది. ఆమె భయం నాకు తెలుసు. ఇల్లు కాలినా బ్యాంకు వాయిదా ఆగదు. ఇన్సూరెన్స్ చెల్లదంటే బ్యాంకు ఊరుకోదు. నిప్పు పెట్టారని తేలిందా, పోలీసు కేసు, దాని వెనకాలే గ్రీన్‌కార్డూ పోతుంది.

వాల్ట్ టేపురికార్డరు నొక్కాడు. దీన్ని రికార్డెడ్ స్టేట్‌మెంట్ అంటారు. ఇందులో చెప్పిన మాటకే ఫైల్లో విలువ. ముఖ్యమైన సంగతి దాచినా, అబద్ధం చెప్పినా పాలసీ మొత్తం చెల్లదని పాలసీలోనే ఒక షరతు ఉంటుంది. ప్రభాకర్ ఇంజనీరు, ఇంగ్లీషులో తనే జవాబు చెప్పాడు. గోడలో వైరు షార్ట్ అయిందన్నాడు. ఆ రోజు ఇంట్లో మీరెవరైనా నిప్పు వెలిగించారా అని వాల్ట్ అడిగాడు. లేదన్నాడు.

ఫైర్ మార్షల్ రిపోర్టు వాల్ట్ బ్యాగులో ఉంది. ఆ సంగతి ప్రభాకర్‌కి తెలియదు. నేను చెప్పకూడదు.

తర్వాత అత్తగారి వంతు. ప్రతి మాటా ఉన్నదున్నట్టు తర్జుమా చేస్తానని నేను ముందు టేపు మీద మాటిచ్చాను. ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందమ్మా అని అడిగాను. ఆవిడ అల్లుడి వంక చూసింది. ప్రభాకర్ చాలా మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు అన్నాడు: "అత్తయ్యగారూ, వైరు సంగతి చెప్పండి చాలు."

"ఏమన్నాడు?" అని వాల్ట్ నన్నడిగాడు.

ఆ గదిలో తెలుగు తెలియనివాడు వాల్ట్ ఒక్కడే. కానీ టేపు తిరుగుతోంది. మింగేస్తే రేపు ఇంకో తర్జుమాదారు విని, నన్నూ వీళ్ళతో కలిపి కట్టేస్తాడు. చెబితే ఈ కుటుంబాన్ని నా నోటితోనే ముంచినట్టు. అయినా చెప్పాను, మాటకి మాట.

ప్రభాకర్ నా వైపు తిరిగాడు. "మీరు మనవాళ్ళు కదా మేడమ్!" అన్నాడు.

అదీ తర్జుమా చేశాను.

అల్లుడు ఇంగ్లీషులో ఏం చెప్పాడో సరళ చెవిలో చెప్పగానే అత్తగారికి కోపం వచ్చింది. నా మీద అనుకున్నాను. కాదు, అల్లుడి మీద. "ఏమిటి నాయనా, నిప్పే వెలిగించలేదని చెప్పావా? హోమం జరగలేదంటే గృహప్రవేశం జరగనట్టే! మళ్ళీ ముహూర్తం ఎవరు పెట్టిస్తారు? టేపులో అట్లా పడితే నేనొప్పుకోను. రాయించమ్మా, శాస్త్రోక్తంగా జరిగిందని రాయించు."

ఇక ఆగలేదు. హాల్లో ఇటుకలు పేర్చి, పెద్ద రేకు పళ్ళెం పెట్టి గుండం చేశారు. పొగకి అలారం కూస్తే మంత్రం వినబడదని బ్యాటరీ తీయించింది ఆవిడే. నెయ్యి కాస్త కార్పెట్ మీద ఒలికిందట. హోమాగ్నిని నీళ్ళు పోసి ఆర్పకూడదు, దానంతటదే చల్లారాలి అని పంతులుగారు చెప్పి వెళ్ళిపోయారు. అందరూ పెరట్లో భోజనాలకి కూర్చున్నారు. పొగ పోవాలని కిటికీలు తీసిపెట్టారు కదా, గాలికి పాత యజమాని వదిలేసిన తెర వచ్చి గుండంలో పడింది.

"ఇంతసేపు ఏం చెబుతోంది?" అని వాల్ట్ మధ్యలో రెండుసార్లు అడిగాడు. కాస్త ఆగమని, నేను వరసగా అంతా చెప్పాను. సరళ ఏడుస్తూ భర్తతో, "చెప్పెయ్యండి, ఇంకా ఏం మిగిలిందని!" అంది. ప్రభాకర్ తన స్టేట్‌మెంట్ సరిదిద్దుకుంటానన్నాడు. పూజ పేరెత్తితే కావాలని తగలబెట్టారంటారని, దేశం నుంచి పంపించేస్తారని తెలుగు అసోసియేషన్లో ఒక పెద్దమనిషి చెప్పాడట. ఆ పెద్దమనిషి ఆ గదిలో లేడు. ఉండడు కూడా. వాల్ట్ టేపు తిరగేసి, మళ్ళీ మొదట్నుంచి అడిగాడు.

ఇక్కడ పాఠకులకు మా వృత్తిలోని ఒక సంగతి చెప్పాలి. మాకు మంటలు రెండు రకాలు. పొయ్యిలోనో గుండంలోనో, ఉండాల్సిన చోట ఉన్నది స్నేహపు మంట. హద్దు దాటి తెరకో గోడకో అంటుకున్నది శత్రువు మంట. వెలిగించింది మీ చేతులే అయినా, మీ ఉద్దేశం దాటి పాకిందంటే అది ప్రమాదమే, పాలసీ దానికి డబ్బిస్తుంది. అంటే నిజం చెబితే ప్రభాకర్‌కి ఏ ముప్పూ లేదు. ఆయన నెత్తిన కత్తి వేలాడదీసింది ఆ వైరు కథ ఒక్కటే.

ఆ చలికాలమంతా ఫైలు నలిగింది. సరిదిద్దుకున్న స్టేట్‌మెంట్‌ని ఒప్పుకోవాలా వద్దా అని లాయర్లు వాదించుకున్నారు. చివరికి డిడక్టిబుల్ పోగా కంపెనీ డబ్బిచ్చింది. గడువు తీరాక మాత్రం పాలసీ కొనసాగించలేదు. ఇంకే కంపెనీ కూడా దగ్గరికి రానివ్వక, ఎవరూ తీసుకోనివాళ్ళ కోసం ఉండే ప్లాన్‌లో ఎక్కువ ప్రీమియం కట్టి, తక్కువ కవరేజీతో ఆయన చాలాకాలం నెట్టుకొచ్చాడు. మన దేశపు కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డులో నేను ఎదురైతే కూరగాయల వైపు తిరిగేవాడు. గట్టెక్కించానని చెప్పుకునేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

నేను నేర్చుకున్నది ఇంతే. క్లెయిములో మనిషిని ముంచేది చాలాసార్లు జరిగిన నష్టం కాదు, దాని గురించి భయపడి చెప్పిన మాట. ఆ భయం పోగొట్టడం ఎగ్జామినర్ పని కాదని నాకు శిక్షణలోనే చెప్పారు. స్టేట్‌మెంట్ పూర్తయ్యేదాకా ఏది కవరవుతుందో పాలసీదారుతో చర్చించకూడదు. ఆ నియమం ఎందుకని మా లీగల్ విభాగాన్ని అడిగాను. పద్ధతి అన్నారు. వాల్ట్‌ని అడిగాను, నవ్వాడు. ఉద్యోగం మానేసి ఇన్నేళ్ళయినా అడుగుతూనే ఉన్నాను: వెలిగించిన మంట చెయ్యి దాటిపోతే మేము డబ్బిస్తాం, ఇప్పుడు జరిగింది చెప్పండి అని ఆ మనిషితో ఒక్క మాట అని, ఆ తర్వాత టేపు నొక్కితే కంపెనీకి పోయేదేమిటి?