తనిఖీ నాటి తెల్ల దుప్పట్లు

నా బడి ఏడో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా అమీర్‌పేట శాఖా గ్రంథాలయంలోనే. పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేదాన్ని. పొద్దుటి డ్యూటీ దిగి, చీర మార్చుకుని, నాలుగింటికి గ్రంథాలయం తలుపు తీసేసరికి మెట్ల మీద ఉండేదాన్ని. కథల పుస్తకాలు అయిపోయాక ఆరోగ్యశాస్త్రం బీరువా దగ్గరికి వచ్చాను. అక్కడ రోగుల పరిచర్య గురించి ఒక పాత తెలుగు పుస్తకం ఉండేది. దాని వెనక అంటించిన చీటీ మీద ఒక ఏడాదిలో పడ్డ తేదీ ముద్రలన్నీ నావే. ఈ మాట గొప్పకే చెబుతున్నాను.

ఎనభైల నడుమ మా వార్డు హెడ్‌నర్సు రిటైరయింది. ఉర్దూలో అక్కా అన్నట్టు అందరం ఆమెను ఆపా అనేవాళ్ళం. పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో చేరినవాళ్ళను ఇక చేసేదేమీ లేదని పంపించేసేవాళ్ళు. ఇంట్లో ఎత్తి కూర్చోబెట్టే దిక్కు లేనివాళ్ళు ఎక్కడికి పోవాలి? వాళ్ళ కోసం ఆపా అమీర్‌పేట మార్కెట్ వెనక సందులో మూడు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని నాలుగు మంచాలు వేసింది. నేను ఉద్యోగం మానేసి ఆమెతో చేరాను.

మొదట వచ్చింది ఒక ముసలమ్మ. ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాయి. డిశ్చార్జి చేశాక కూడా వెళ్ళడానికి చోటు లేక రెండు నెలలు ఆసుపత్రి వరండాలోనే ఉంది. ఊడ్చేవాళ్ళు రోజూ చాపతో సహా ఆమెను అటూ ఇటూ జరిపేవాళ్ళు. మా ఇంటికొచ్చాక గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని, కుడిచేత్తోనే బియ్యంలో రాళ్ళేరేది, కూరగాయలు తుంచేది, సందులో పోయే ప్రతి ఒక్కరినీ నిలబెట్టి పలకరించేది.

మిగతా మూడు మంచాలూ నిండాయి, మూడు నెలలు బాగానే గడిచాయి. అంటురోగాల వాళ్ళను పెట్టుకున్నారని ఇరుగుపొరుగు వెళ్ళి ఇంటాయనకు చెప్పారు. ఆయన మంచివాడే. వచ్చి బయటే నిలబడి చెప్పాడు.

"సర్కారు గుర్తింపు కాగితం తెచ్చి చూపించుండ్రి. గదుంటే నేను అందరి నోళ్ళు మూయిస్త. నెలాఖరు దాంక చూస్త, లేకుంటే ఇల్లు ఖాళీ చెయ్యాలె."

ముసలమ్మ అంతా వింది. ఆయన వెళ్ళాక నా కొంగు పట్టుకుంది.

"బిడ్డా, కాగితం రాకుంటే నేను మళ్ళ గా వరండకే పోవాల్నా?"

వస్తుందని చెప్పాను. నాకు నమ్మకమే. పుస్తకాలు చదివినదాన్ని కదా.

గుర్తింపు ఇచ్చే సంక్షేమ కార్యాలయం ఎర్రమంజిల్‌లో ఉండేది. ఫారం మూడు ప్రతులు నింపాను. ఇంటి పటం నేనే గీశాను. గుమాస్తా తీసుకుని, "గురువారం మేడమ్ తనిఖీకి వస్తరు. ఆమె ఏం రాస్తే గదే," అన్నాడు.

తనిఖీ అంటే ఆపాకూ నాకూ తెలిసింది ఒకటే. ఆసుపత్రిలో సూపరింటెండెంటు రౌండ్సుకు వచ్చే రోజు పొద్దున్నే రోగుల మూటలు, గిన్నెలు, చెప్పులు మంచాల కింద నుంచి మాయమయ్యేవి. కూర్చోగలిగినవాళ్ళు కూడా పడుకోవాల్సిందే. దుప్పటి ఛాతీ దాకా కప్పి, చేతులు దుప్పటి పైన పెట్టించేవాళ్ళం. అడిగితే తప్ప ఎవరూ నోరు తెరవకూడదు. అలా ఉన్న వార్డునే పెద్దలు మెచ్చుకునేవాళ్ళు. మేమూ అదే చేశాం. ఆపా పాత తెల్ల యూనిఫారం ఇస్త్రీ చేసి, టోపీకి గంజి పెట్టింది. పుస్తకంలో బొమ్మ చూసి నేను నలుగురికీ జ్వరం చార్టులు గీసి మంచాలకు కట్టాను. అట్టముక్క మీద ఎర్రరంగుతో ప్లస్ గుర్తు వేసి గుమ్మానికి తగిలించాను.

ముసలమ్మ ఒక పట్టాన ఒప్పుకోలేదు.

"నాకేం జొరమా? నన్నెందుకు పండబెడుతున్నరు?"

"జర సేపు పండమ్మా, నీ కాళ్ళు మొక్కుత," అంది ఆపా. "కండ్లు మూసుకో, ఏం మాట్లాడకు. మేడమ్ పోయినంక డాన్స్ చేద్దువు."

"చేస్త గని, గప్పుడు నీ టోపీ నాకియ్యాలె."

మేడమ్ గొడుగు, ఫైలు పట్టుకుని వచ్చారు. కోస్తా వైపు మనిషి. మంచాల మధ్య మెల్లగా నడిచి, చార్టు ఒకటి చేతిలోకి తీసుకున్నారు.

"రోజూ టెంపరేచర్ తీస్తున్నారే. ఈయనకి జ్వరమా?"

"లేదండీ."

"మరెందుకు? సరే, డాక్టరు గారెవరు?"

"డాక్టరు లేరు మేడమ్. ఇది ఆసుపత్రి కాదండీ."

"కాకపోతే గుమ్మానికి ఆ గుర్తేంటి? ఈ చార్టులేంటి? ఆవిడ నెత్తి మీద ఆ టోపీ ఏంటి?"

ఆపా టోపీ తీసి వెనక దాచింది. మేడమ్ ముసలమ్మ మీదికి వంగి పేరడిగారు. ఆమె కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంది. మరోసారి అడిగారు. ఉలుకూ పలుకూ లేదు. మేడమ్ ఏదో రాసుకుని వెళ్ళిపోయారు.

వారం తర్వాత ఎర్రమంజిల్ వెళితే గుమాస్తా నివేదిక చదివి వినిపించాడు. వైద్యుడు లేని ఆసుపత్రి. రోగులు నలుగురూ మంచం పట్టినవారు, ఒకరికి స్పృహ లేదు. సిఫారసు చేయడం లేదు.

"స్పృహ లేని మనిషిని డాక్టర్ లేకుంట పెట్టుకున్నరా అమ్మా? మస్తు ధైర్యమే మీకు," అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పాను. ఆపా గంజి టోపీ మడిచి పెట్టెలో పడేసింది. తర్వాత, "పంతులమ్మా, నీ బుక్కుల దీనికేమన్న మందు రాసిండ్రా?" అంది. ఆమె నన్ను వెక్కిరించాలనుకున్నప్పుడే అలా పిలిచేది. అప్పటికి నెలాఖరు పది రోజులే ఉంది.

గ్రంథాలయానికి వెళ్ళి ఆ పుస్తకం మళ్ళీ తిరగేశాను. మంచం ఎలా సర్దాలో ఉంది, మనిషి మంచం దిగాక ఏం చేయాలో లేదు. అయినా నా చదువంతా గుప్పించి నాలుగు పేజీల విన్నపం రాశాను. మానవసేవ, కరుణ, సమాజధర్మం అన్నీ వచ్చాయి అందులో. గుమాస్తా మొదటి పేజీ సగం చదివి వెనక్కిచ్చాడు.

"గింత చదివే టైం మేడమ్‌కు యాడిది? పొద్దుగాల లేసి మీరేం చేస్తరో రాయుండ్రి. ఒక్క పేజీ చాలు."

అతని కిటికీ దగ్గరే నిలబడి రాశాను. ఆరింటికి నలుగురినీ లేపుతాం. ఇద్దరం చెరో పక్క పట్టుకుని బాత్రూముకు నడిపిస్తాం. కాళ్ళకూ చేతులకూ నూనె రాస్తాం. ఎండ వచ్చేసరికి బయట కూర్చోబెడతాం. చివర ఇంకో నాలుగు వాక్యాలు చేర్చాను. మీరు వస్తున్నారని మేమే అందరినీ పడుకోబెట్టాం. స్పృహ లేదని మీరు రాసిన మనిషి మేం చెప్పినందుకే కళ్ళు మూసుకుంది. తప్పు మాది. ఈసారి చెప్పకుండా రండి.

నెలాఖరుకు నాలుగు రోజుల ముందు, పొద్దున పదింటికి మేడమ్ వచ్చారు. ఇల్లంతా చిందరవందరగా ఉంది. తడి దుప్పట్లు తీగ మీద ఉన్నాయి. ఆపా నేల మీద కూర్చుని ఒకాయన కాలికి నూనె రుద్దుతోంది. నేను పొయ్యి దగ్గర రాగిజావ కలుపుతున్నాను. గుమ్మంలో ముసలమ్మ గోరుచిక్కుడు తుంచుతోంది. ఆమె గొంతు విని నేను బయటికి తొంగిచూశాను.

"చెప్పులు ఆడ ఇడువు. నువ్వేనా మొన్న కాగితం మీద నన్ను సగం సంపింది?"

"నేనేనండీ," అన్నారు మేడమ్.

"ఇప్పుడు సుత పండుమంటవా?"

"వద్దండీ, కూర్చోండి." మేడమ్ కూడా పక్కనున్న పీట లాక్కున్నారు. "బాత్రూముకి ఎలా వెళ్తారు మీరు?"

"ఇద్దరు పట్టుకుంటే నడుస్త. ఒక్కరే పట్టుకుంటే తిడుత."

బేగంపేటలో దిగే విమానం ఒకటి మా కప్పు మీదుగా వెళ్ళింది. దాని మోత తగ్గేదాకా ముగ్గురం ఊరుకున్నాం. తర్వాత మేడమ్ లేచి బాత్రూము, అందులో పట్టుకోవడానికి మేం బిగించిన కర్ర, వంటగది చూశారు. వెళ్ళేముందు నాలుగు షరతులు చెప్పారు. ఎర్ర గుర్తు తీసేయాలి. చార్టులు తీసేయాలి. ఫారంలో చికిత్స అన్న మాట కొట్టేసి సంరక్షణ అని రాయాలి. నెలకోసారి ఒక డాక్టరు వచ్చి చూసి సంతకం పెట్టాలి. ఆపా వార్డులో పని నేర్చుకున్న డాక్టర్లు ఊళ్ళో బోలెడంత మంది. సాయంత్రానికి ఒకరిని ఒప్పించుకొచ్చింది.

నెలాఖరుకు ఒక రోజు ముందు గుర్తింపు కాగితం చేతికొచ్చింది. ఇంటాయన దాన్ని రెండుసార్లు చదివి, ముద్ర మీద వేలు పెట్టి చూసి, నేరుగా పక్కింటి వైపు వెళ్ళాడు. ముసలమ్మ నా చేత మొత్తం చదివించుకుంది.

"అయితే నేనీడ్నే ఉంట?"

"ఇక్కడే ఉంటావు."

"నా పేరున్నదా అండ్ల?"

"జాబితాలో మొదటిది నీదే."

"స్పృహ ఉన్నదని రాసిండ్రా?"

"అది రాయలేదమ్మా."

"లేదని రాసినోళ్ళకు ఉన్నదని రాయనీకి ఏమైంది? పొయ్యి రాయించుకొని రా."

ఎంత చెప్పినా వినలేదు. చివరికి మా ఇంటి రిజిస్టరు తెచ్చి, ఆమె చూస్తుండగా పేరు పక్కన స్పృహలో ఉన్నారు అని రాశాను. చదవడం రాకపోయినా వంగి అక్షరాల వైపు బాగా చూసింది. ఆ తర్వాత చిక్కుళ్ళ చేట ముందుకు లాక్కుంది.