అట్లాసు వదిన

మా వదినకు ఒకటే జబ్బు. మనిషి కనబడితే "బాగున్నారా" అని అడగదు, "మీ దేశంలో పొద్దున్నే ఏం తింటారు?" అని అడుగుతుంది.

వదిన అంటే మా ఆయనకు అక్క. పోస్టాఫీసులో విదేశీ పార్సిళ్ళ కౌంటరు ఆమెది. పాతికేళ్ళు నోరు మెదపకుండా ముద్రలు వేసిన మనిషికి నిరుడు ఉన్నట్టుండి ఈ జబ్బు పట్టుకుంది. రిటైరయ్యే ముందు అందరికీ భక్తి పుడుతుంది, ఈమెకు భూగోళం పుట్టింది. అట్లాసు వదిన అని పేరు పెట్టింది నేనే. ఇప్పుడు పోస్టాఫీసంతా అలాగే పిలుస్తోంది.

ఆమె పద్ధతి చాలా సులువు. పార్సిలు తూకం వేస్తుంది, చిరునామా చదువుతుంది, ముద్ర పైకెత్తుతుంది. అక్కడ ఆగుతుంది. అవతలి మనిషి జవాబు చెప్పేదాకా ఆ ముద్ర కిందికి దిగదు.

"జపానా? పొద్దున్నే ఏం తింటారండీ మీరు?"

"అన్నం, కాల్చిన చేప, సోయా పులుసు. అమ్మా, కాస్త తొందరగా. రైలుంది."

"పులుసులో ఉప్పెంత?"

"ఉప్పు వేయం. ఆ సోయా ముద్దలోనే ఉంటుంది."

"ఏ ముద్ద? ఎక్కడ దొరుకుతుంది? ఎన్నాళ్ళు నిలవుంటుంది?"

రైలు వెళ్ళిపోతుంది. వెనక వరుసలో ఒకాయన గొంతు చించుకుంటాడు. "ఏమమ్మా, మీరు ఉద్యోగం చేస్తున్నారా, వంట నేర్చుకుంటున్నారా?"

"రెండూనండీ. మీదే దేశం?"

చెప్పినవన్నీ పాత ఫారాల వెనక రాసుకునేది. ఒకసారి ఈజిప్టు మనిషొకడు చిక్కుడు గింజల వంటకం చెప్పాడు. అదే సమయానికి ఎవరో గాజు గిన్నెల పార్సిలు తెచ్చారు. వదిన ఒక చేత్తో వంట రాసింది, ఇంకో కాగితం మీద పార్సిలుకి చీటీ రాసింది, జిగురు రాసి అంటించేసింది. మర్నాడు పొద్దున చిక్కుడు గింజల గిన్నెతో మా ఇంటికి వచ్చిన కాగితం మీద "గాజు. పగిలేది. జాగ్రత్తగా ఎత్తండి" అని ఉంది. పోన్లే, గిన్నె వేడిగా ఉంది కదా అని జాగ్రత్తగానే ఎత్తాను. పార్సిలు మీద మాత్రం "గరిటెతో బాగా మెదపాలి. ముక్క మిగలకూడదు" అని వెళ్ళింది. నెల తరవాత తిరిగొచ్చింది. గాజు గిన్నెలు చెప్పినమాట విన్నాయి.

పోస్టుమాస్టరు గారు పిలిపించారు. "ఏమిటమ్మా ఇది?"

"చిక్కుడు గింజలండీ."

"నేనడిగేది పార్సిలు సంగతి!"

"నిమ్మకాయ కూడా పిండాలండీ. అది రాయడం మరిచిపోయాను."

ఆయన చాలాసేపు తల పట్టుకుని కూర్చున్నారట. చివరికి, "ఇంతకీ బాగుంటుందా?" అన్నారట.

ఆ వంటలన్నీ మా ఇంటికే రావడానికి కారణముంది. మా ఆయన పోయాక నాకు పొద్దుటి తిండి పోయింది. మధ్యాహ్నం నాలుగు మెతుకులు దిగేవి. రాత్రీ అంతే. పొద్దున మాత్రం కాదు. ముప్పై ఏళ్ళు ఆ పూట మా ఇద్దరిదీ. వదినతో సహా మంచిమనసున్న వాళ్ళు వంటల డబ్బాలు తెచ్చి ఇచ్చారు. ఏ మూత తీసినా లోపల ఆయనే కూర్చుని ఉండేవాడు. ఒకదాంట్లో కారం ఎక్కువైందని సణుగుతూ, ఒకదాంట్లో ఇంకో రెండు వెయ్యమంటూ. మళ్ళీ మూత పెట్టేసేదాన్ని. ఎవరడిగినా "కడుపు బాగాలేదు" అనేదాన్ని. జాకెట్లు వదులైపోయాయి. డాక్టరు గారు, "ఖాళీ కడుపున ఈ మాత్రలు వేసుకుంటే రేపు మంచం ఎక్కుతారు, తరవాత నన్ననొద్దు" అని కోప్పడ్డారు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. నాకు అసలు మొగుడు పోయాక ఈ సగం మొగుడు పూర్తి అధికారం తీసేసుకుంది. రోజూ ఏడున్నరకు, ఆఫీసుకి వెళ్ళే దారిలో, చేతిలో గిన్నెతో తయారు.

మొదటిసారి తెచ్చింది బార్లీ పిండి ముద్ద. కొండలా పోసి, నడినెత్తిన గుంట చేసి, ఆ గుంట నిండా కారం కలిపిన నెయ్యి పోసింది.

"ఏమిటిది వదినా?"

"ఇథియోపియా. పక్కలనుంచి తింటూ లోపలికి రావాలి. గట్టు తెగకూడదు."

"తెగితే?"

"పరువు పోతుంది."

"చూసేదెవరు?"

"నేను చచ్చానా? ఇది చెప్పిన మనిషి రేపు మళ్ళీ వస్తాడు, ఎలా ఉందని అడుగుతాడు. తినలేదని చెప్పమంటావా? రెండు దేశాలకూ గొడవ పెట్టమంటావా?"

నా మూలంగా యుద్ధం వద్దని కూర్చున్నాను. ఇటు తింటే అటు కారుతుంది, అటు ఆపితే ఇటు పగులుతుంది. గట్టు కాపాడే కంగారులో కొండంతా తినేశానని వదిన ఖాళీ పళ్ళెం చూపించాకే తెలిసింది. ఆ కొండలో ఎక్కడా మా ఆయన కనబడలేదు.

అక్కణ్ణుంచి ఆమెను పట్టగలిగినవాళ్ళు లేరు. టర్కీ రోజున పదకొండు చిన్న గిన్నెలు తెచ్చింది. ఆలివు కాయలు ఒకదాంట్లో, తేనె ఒకదాంట్లో, దోసకాయ ముక్కలు ఒకదాంట్లో. తినడానికి పావుగంట, కడగడానికి గంట. హాలండు రోజున రొట్టె మీద వెన్న రాసి చాక్లెట్టు పలుకులు చల్లింది. "ఇది పిల్లలదేమో వదినా" అంటే, "పెద్ద పెద్ద ఆఫీసర్లు తింటారట, నీకేం నామోషీ" అంది. కొలంబియా రోజున పాలల్లో గుడ్డు కొట్టి పోసి, పైన ఉల్లికాడలు చల్లి తెచ్చింది.

"పాలల్లో ఉల్లికాడలేమిటి వదినా, మతి ఉందా?"

"కొండల మీద చలికి తాగుతారట. తాగు."

"మనకి చలి లేదుగా."

"వచ్చాక తాగుతావా? తాగు!"

"నువ్వు తాగావా?"

"రెండు గ్లాసులు! అమృతం!"

నాకు చదువు తక్కువ. దేశాలన్నీ గిన్నెల్లోనే చూశాను. ఇప్పుడెవరైనా కొలంబియా అంటే నాకు ఉల్లికాడల వాసన వస్తుంది. జాకెట్లు మళ్ళీ బిగుతయ్యాయి. డాక్టరు గారు బరువు చూసి, "ఏం తింటున్నారు?" అన్నారు. "నిన్న మెక్సికో అండీ" అన్నాను. ఆయన నా నాడి ఇంకోసారి చూశారు.

ఇలా పది నెలలు గడిచాక ఒకరోజు వదిన రాలేదు. ఎనిమిదైంది. ఎనిమిదీ పావైంది. గుమ్మంలోకీ వంటింట్లోకీ నాలుగుసార్లు తిరిగాక నాకొక వింత సంగతి తెలిసింది. ఆకలేస్తోంది. ఆకలితోపాటు కోపం కూడా వచ్చింది. తాళం వేసి, రెండు వీధులు నడిచి వాళ్ళింటికి వెళ్ళాను.

తలుపు తీసే ఉంది. వదిన వంటింట్లో కుర్చీ వేసుకుని, బెణికిన కాలికి గుడ్డ చుట్టి పీట మీద పెట్టుకుంది. పొయ్యి పక్కన నాకోసం వండిన గిన్నె మూతపెట్టి ఉంది. ఒళ్ళో ఇంకో గిన్నె. నన్ను చూడగానే ఆ ఒళ్ళో గిన్నె మీద కొంగు కప్పేసింది.

"కొంగు తియ్యి వదినా."

"ఎందుకూ? ఆ గిన్నె నీది, వియత్నాం. కాలు బెణికింది, తేలేకపోయాను. పట్టుకెళ్ళు."

"అది సరే. నువ్వే దేశం తింటున్నావు?"

"ఇదీ... ఇదేమిటంటే... ఉత్తరాన ఒక దేశం ఉందిలే..."

కొంగు లాగేశాను. పాలల్లో నానబెట్టిన రొట్టె.

"పాలూ రొట్టే ఏ దేశం వదినా?"

దొంగ దొరికిపోయింది. "నాకవేవీ పడవే తల్లీ! చిక్కుడు గింజలకి పొట్ట ఉబ్బి రెండు రాత్రులు నిద్రపోలేదు. ఉల్లికాడల పాలు వాసనకే కళ్ళు తిరిగాయి. ఉప్పు చూడ్డానికి ఒక్క చెంచా, అంతే. రోజూ నాకిదే."

"మరి నన్నెందుకు చంపావు ఇన్నాళ్ళూ?"

"నీకేం, రాళ్ళు తిన్నా అరుగుతాయి." కాసేపు చెంచాతో పాలు కలిపింది. "కడుపు బాగాలేదన్నావు. కడుపుకేం రోగమో నాకు తెలీదూ? నేను తెచ్చిన డబ్బాలన్నీ మూత తీసి, లోపల మనిషిని చూసినట్టు చూసి మూసేసేదానివి. నా తమ్ముడు ఎలాంటి తిండిపోతో నీకు తెలుసు. ఈ ఊళ్ళో వాడు మూతిపెట్టని గిన్నె ఒక్కటుందా? వెతికి వెతికి విసుగొచ్చింది. అందుకని దేశం దాటాను."

గోడకు తగిలించిన సంచీలో ఫారాలు దొంతరగా ఉన్నాయి, వెనక పక్క నిండా వంటలు. అన్నీ ఆమెకు పడనివే.

"ఏడవకు, వియత్నాం చల్లారిపోతుంది."

"దాన్ని ఉండనీ. ఇది మీ తమ్ముడికి ఇష్టమేనా?"

"ఇష్టమా! చిన్నప్పుడు ఒకే గిన్నెలో ఇచ్చేది అమ్మ. రొట్టెంతా వాడు తినేసి పాలు నాకు వదిలేవాడు, వెధవ."

చెంచా తీసుకుని వదిన పక్కన కూర్చున్నాను. గిన్నెలోకి చూశాను. మా ఆయన కూర్చునే ఉన్నాడు. కాస్త పక్కకి జరగమని చెంచా దింపాను. తియ్యగా, మెత్తగా, వెచ్చగా ఉంది. ఇంకో చెంచా. ఇంకోటి.

"ఏయ్, మరదలా! రొట్టె ముక్కలన్నీ ఏరుకుంటున్నావేమిటి?" వదిన నా చేతిమీద చెంచాతో ఒక్కటేసింది. "ముప్పై ఏళ్ళు కాపురం చేసి వాడి దగ్గర నేర్చుకుంది ఇదా?"

జవాబు ఉంది. నోటి నిండా రొట్టె ఉండడంతో చెప్పడానికి కుదరలేదు.