శుభలేఖలో రెండు పేర్లు

నాన్నకు ఒక కంటి ఆపరేషన్ అయ్యాక ఖర్చులో కొంత ఆయన పాత కంపెనీ బీమా ఇచ్చింది. మిగతాది మా ఆఫీసు బీమా ఇవ్వాలి. నెలలు గడిచినా రాలేదు. అది వస్తే గాని రెండో కన్ను చేయించలేం. అంతవరకు నా పాపను ఎత్తుకుని బర్మాలోని పజుండౌంగ్‌లో మా ఇంటి మెట్లు దిగనని నాన్న తేల్చి చెప్పాడు.

చివరికి నేనే బీమా ఆఫీసుకు వెళ్లాను. అక్కడి పెద్దావిడ కాగితాలు చూసి, నీకు ఇద్దరు తండ్రులా అని బర్మా భాషలో నవ్వుతూ అడిగింది. మొదటి బీమా కాగితంలో నాన్న బర్మా పేరుంది. మా ఆఫీసు ఫారంలో నేను ఆయన తెలుగు పేరు రాశాను. రెండు పేర్లూ ఉన్న పాత కాగితమేదైనా తెమ్మంది.

"ఏటమ్మా, నన్ను ఇద్దర్ని చేసేసినావా? అయితే టీ రెండు కప్పులెట్టు," అన్నాడు నాన్న, ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పగానే.

అమ్మ పోయాక ఎవరూ తెరవని ట్రంకుపెట్టెలో వాళ్ల పెళ్లి శుభలేఖ దొరికింది. అప్పట్లో ఇక్కడి మా తెలుగువాళ్లు శుభలేఖల్లో చుట్టాల కోసం తెలుగు పేరు, పనిచేసే చోటి వాళ్ల కోసం బర్మా పేరు రెండూ వేయించేవారు. అంచున అమ్మ రాసిన పసుపు ఇంకా ఉంది. వార్డు ఆఫీసులో దాని నకలు మీద సంతకం చేయించి బీమా ఆఫీసులో ఇచ్చాను. డబ్బు వచ్చింది, రెండో కన్నూ చేయించాం.

మొన్న నాన్న పాపను ఎత్తుకుని మెట్లు దిగాడు. నేను చేతులు చాచి వెనకే దిగాను.

"నిన్నెత్తుకుని నేను దిగితే మీ అమ్మా ఇలాగే ఎనకాల దిగీది," అన్నాడు.