క్యాచ్‌మెంట్ మారాక

మా అమ్మాయి పాత బడి ముందు ఒక చెక్క బల్ల ఉండేది. మధ్యాహ్నం మూడింటికి బడి వదిలేలోపు నేనూ, వరంగల్ నుంచి వచ్చిన ఒకావిడా దాని మీద కూర్చుని లోకంలో ఉన్నవాళ్లందరినీ ఆడిపోసుకునేవాళ్లం. నన్ను అక్కా అని పిలిచేది. ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకునే నాకు రోజు మొత్తంలో ఎదురుగా కనబడి మాట్లాడే మనిషి ఆవిడొక్కతే.

మేముంటున్న ఈ పరాయి దేశంలో ప్రభుత్వ బడిలో సీటు ఇంటి అడ్రసును బట్టి వస్తుంది. ఆ హద్దును క్యాచ్‌మెంట్ అంటారు. ర్యాంకు బాగున్న బడి హద్దులోకి మన తెలుగువాళ్లు ఒక్కొక్కరే ఇళ్లు మారుతుంటే, గొర్రెల మందలా పోతున్నారని ఇద్దరం నవ్వుకున్నాం. బడి ఏడాది ముగిసే డిసెంబరు సెలవుల్లో ఆవిడా మారిపోయింది. చెప్పే వెళ్లిందిలెండి, కాకపోతే సామాను సర్దేశాక చెప్పింది.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, కొత్త ఏడాది బడిలో పిల్లలు తగ్గారు. ప్రభుత్వం పిల్లల సంఖ్యను బట్టే టీచర్లకు డబ్బిస్తుంది. ఒక టీచరు వెళ్లిపోయింది, రెండు తరగతులు కలిపేశారు. మా అమ్మాయికి చీమ కుట్టినట్టయినా లేదు. పెద్ద పిల్లలతో కూర్చోవడం దానికి సంబరంగానే ఉంది. నేనే మా ఆయన దగ్గర చేరి, "ఇలా అయితే దాని చదువేం కానండీ?" అని సాగదీశాను. చదువు మాట ఎత్తితే మా ఇంట్లో ఎదురుండదు. నాకు కావలసింది మాట్లాడే మనిషి అని మాత్రం చెప్పలేదు.

ఆవిడ ఉన్న హద్దులోనే చిన్న ఫ్లాటుకు మారాం. మొదటిరోజు ముందుగానే వెళ్లి కొత్త బడి గేటు దగ్గర నిలబడ్డాను. ఆవిడ కారులో వచ్చింది గానీ దిగలేదు. అద్దం సగం దించి, "అక్కా, ఏమనుకోకు. బాబుకు కోచింగ్ ఉన్నది, లేటైతది. మళ్ల ఫోన్ చేస్త" అంది.

ఎక్కడ కోచింగని అడిగాను.

"ఏదో ఉన్నదిలే అక్కా" అని అద్దం ఎత్తేసింది. చురుకైన పిల్లల్నే ఏరుకునే సెలెక్టివ్ బడి సీటు కోసం పిల్లలతో పరీక్ష రాయించే అమ్మలు, పోటీ పెరుగుతుందని ఎక్కడ కోచింగ్ ఇప్పిస్తున్నారో ఒకరికొకరు చెప్పుకోరట. ముందు ఒళ్లు మండింది, తర్వాత ఏడుపొచ్చింది.

ఆ ఫోనూ రాలేదు. ఒకరోజు మా అమ్మాయి గేటు దాటి వస్తూ చుట్టూ చూసింది. దానికి తెలుగు అర్థమవుతుంది, బదులు మాత్రం ఇంగ్లీషులోనే.

"మమ్, హూ డూ యూ టాక్ టు హియర్?"

"చాలామంది ఉన్నారమ్మా" అన్నాను.

అది నా పక్కనున్న ఖాళీ చోటు చూసి, నా చెయ్యి పట్టుకుంది.

"టుమారో ఐ విల్ కమ్ అవుట్ ఫస్ట్, ఓకే?" అంది.