బాబాయి ఇంగ్లీషు వినని కుక్క

అటక దులుపుతుంటే ఇత్తడి బిళ్ల ఉన్న తోలు మెడపట్టీ దొరికింది. మన ఈడువాళ్లకు గుర్తుండాలి, ఆనకట్ట పనులు చూసిన ఇంగ్లీషు దొర సీమకు వెళ్లిపోతూ మా నాన్నకిచ్చిన తెల్లటి బుల్ టెర్రియర్ కుక్క. దాని పట్టీయే ఇది. దాని తల అచ్చం గుడ్డులా ఉండేది.

దొరల కుక్కకు తెలుగు రాదని, మెట్రిక్యులేషన్ చదివిన మా బాబాయి దాన్ని ఇంగ్లీషులోనే పిలిచేవాడు. అది కదిలేది కాదు. "దీనికి పొగరు అన్నయ్యా," అంటూ చేతికర్రతో బాదేవాడు.

దాని వెనక పళ్లెం పడినా అది తిరిగి చూసేది కాదు. నేలమీద కాలితో తడితే మాత్రం పరుగున వచ్చి నా ఒళ్లో తల పెట్టేది.

"దానికి చెవుడు బాబాయ్," అన్నాను.

"దొరగారు చెవిటి కుక్కనిస్తారేంట్రా?" అని నవ్వి, దాన్ని పశువులపాకలో ఒంటరిగా కట్టేయించాడు. మనుషుల్ని వదిలి ఉండలేని జాతి అది. తిండి మానేసి చచ్చిపోయింది.

మొన్న బాబాయి సంతాపసభలో, ఆయన ఎవరి మాటైనా ఓపిగ్గా వినేవారని పొగిడారు. ఈ పట్టీ అప్పటికే దొరికి ఉంటే సభకు పట్టుకెళ్లేవాణ్ణి.